1999 బారాత్ వీడియోలోంచి మా వాడకట్టు ఇళ్ల ఫొటోలు తీయాలి, ఎట్లా?

మానేరు బిడ్డ:

అందరికీ నమస్కారం. మాది రాజన్న సిరిసిల్ల జిల్లా. మాన్వాడ దగ్గర కట్టిన మిడ్ మానేరు ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లలో మా ఊరు ఒకటి. ఇప్పుడు మా వాళ్లంతా ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీలో ఉంటున్నారు. పాత ఊళ్లో గోడకు గోడ ఆనుకుని బతికినవాళ్లకు కాలనీలో ప్లాట్లు తలా ఒక మూలన వచ్చాయి.

మా బాపుకు 74 ఏళ్లు. పోయిన చలికాలం నుంచి ఒక నోట్‌బుక్కులో పెన్సిల్‌తో మా వాడకట్టు గీస్తున్నాడు. బొడ్రాయి నుంచి పోచమ్మ గుడి దాకా రెండు పక్కలా కలిపి 22 ఇళ్లు. ఇల్లు ఎవరిది, దర్వాజ ఎటు వైపు, చేదబావి ఎక్కడ, చింతచెట్టు ఎవరి దొడ్లో అన్నీ రాస్తున్నాడు. ఇంటికి ఒక పేజీ. ప్రతి పేజీలో పైన సగం ఖాళీగా వదిలాడు. "ఇక్కడ ఫొటో అంటించాలె బిడ్డా" అంటాడు. ఇళ్లకు ఫొటోలు ఎక్కడివి? ఆ రోజుల్లో మనుషులే ఫొటో దిగడం తక్కువ.

ఉన్నదల్లా మా పెదనాన్న కూతురి పెళ్లి వీడియో. 1999 మే నెలలో తీసింది. రెండు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉండేవి. 2009లో టౌన్‌లో ఒక షాపులో ఇచ్చి డీవీడీలు చేయించాం, మూడు డిస్కులు వచ్చాయి. క్యాసెట్లు తర్వాత బూజు పట్టి పోయాయి. ఇప్పుడు ఆ డిస్కుల్లో ఉన్నదంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించాను.

రాత్రి బారాత్ మా వాడకట్టు మొత్తం తిరిగింది. కారు ముందు కెమెరా వెనక్కి నడుస్తూ తీశారు. లైటు వెలుగులో ఇళ్ల ముందరి భాగాలు కనబడుతున్నాయి. ఒక గోడ మీద పల్స్ పోలియో అని సున్నంతో రాసిన అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. బాపు ఆ ముక్క చూడగానే "ఇది సాలోళ్ల ఇల్లు, ఆ రాత రాసింది నా ముందటనే" అన్నాడు. అంటే గుర్తుపట్టే అంత ఉంది. కానీ నేను వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీస్తే బొమ్మంతా దువ్వెన పళ్లలాగా అడ్డగీతలు వస్తున్నాయి. వీడియో నడుస్తున్నప్పుడు బాగానే ఉంటుంది, ఆపితేనే గీతలు.

ఇంకో రెండు విషయాలు కావాలి. మా బాపమ్మ గడప పక్కన పీట మీద కూర్చుని పసుపు కొమ్ములు విడదీస్తున్న ముక్క ఒకటి ఉంది. కెమెరా ఆమె మీద రెండు మూడు సెకన్లు ఆగింది. ఆమె 2003లో పోయింది. మా దగ్గర ఉన్న ఆమె ఫొటో ఓటరు కార్డుదే. ఈ ముక్కలోంచి ఒక మంచి ఫొటో కావాలి. ఇంకోటి, బారాత్ మొత్తం 40 నిమిషాలు. అందులో మా వాడకట్టు మటుకు ఉన్న 6 నిమిషాలు వేరు చేసి కాలనీ వాళ్లందరికీ పంపాలి. ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కత్తిరిస్తే బొమ్మ ఇంకా మసకబారింది. నాకు కంప్యూటర్ ఆఫీసు పనికి సరిపడా వచ్చు, అంతకు మించి రాదు. దయచేసి అర్థమయ్యేటట్టు చెప్పండి.


నల్ల తెర:

స్క్రీన్‌షాట్ వద్దండి. అది మీ తెర సైజులో సాగదీసిన బొమ్మను ఇస్తుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో తెరిచి, కావలసిన చోట స్పేస్ కొట్టి ఆపి, ఆ తర్వాత ఇంగ్లిష్ ఇ అక్షరం నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. నచ్చిన ఫ్రేమ్ దగ్గర షిఫ్ట్ పట్టుకుని ఎస్ నొక్కండి. బొమ్మ మీ పిక్చర్స్ ఫోల్డర్‌లో పడుతుంది. వీఎల్‌సీలో ఫ్రేమ్ వెనక్కి జరగదు. దాటిపోతే షిఫ్ట్‌తో ఎడమ బాణం కొట్టి మూడు సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి.

ముందు ఒక సెట్టింగ్ మార్చుకోండి. టూల్స్, ప్రిఫరెన్సెస్, వీడియో అని వెళ్తే కింద స్నాప్‌షాట్ల గురించి ఉంటుంది. అక్కడ ఫార్మాట్ పీఎన్‌జీ ఉండాలి. జేపీజీ పెడితే అసలే నలిగిన బొమ్మను ఇంకోసారి నలిపినట్టే.

గీతల సంగతి ఇక్కడ ఒకరికి నాకంటే బాగా తెలుసు. మిక్సింగ్ అన్న వస్తే చెబుతారు.


మిక్సింగ్ అన్న:

చెల్లె, నేను 1991 నుంచి 2012 దాకా కరీంనగర్ చుట్టుపక్కల పెళ్లి వీడియోలు తీసినవాణ్ని, రాత్రుళ్లు కూర్చుని మిక్సింగ్, అంటే తీసిన ముక్కలు అతికి పాటలు వేసే పని, చేసినవాణ్ని. మీ అక్క పెళ్లి నేను తీయలేదు కానీ ఎట్లా తీసి ఉంటారో నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ గీతల గురించి. మన దేశంలో టీవీ పద్ధతి పాల్. సెకనుకు 25 ఫ్రేములు. కానీ కెమెరా ఒక్కో ఫ్రేమ్‌ను ఒకేసారి తీయదు. మొదట 1, 3, 5 ఇట్లా బేసి గీతలు, ఆ తర్వాత సెకనులో యాభయ్యో వంతు ఆగి 2, 4, 6 ఇట్లా సరి గీతలు. ఈ సగాన్ని ఫీల్డ్ అంటాం. రెండు ఫీల్డులు కలిపి ఒక ఫ్రేమ్. పాత డబ్బా టీవీ ఆ రెంటినీ వేరువేరుగానే గీసేది కాబట్టి తేడా తెలిసేది కాదు. కంప్యూటర్ రెంటినీ ఒకేసారి చూపిస్తుంది. మీ కెమెరామన్ వెనక్కి నడుస్తున్నాడు, కాబట్టి బేసి గీతల్లో ఇల్లు ఒకచోట, సరి గీతల్లో ఇంకోచోట ఉంది. అదే మీకు దువ్వెన పళ్లలాగా కనిపిస్తున్నది. డిస్కు ఏమీ పాడవలేదు, భయపడకండి. గీతలు ఉన్నాయంటే షాపువాడు ఫీల్డులు రెంటినీ ఉన్నదున్నట్టు దించాడన్నమాట. అది మీ అదృష్టం. కొందరు రెంటినీ కలిపి మెత్తగా చేసేవాళ్లు, అప్పుడిక ఏమీ చేయలేం.

ఇప్పుడు అసలు విషయం. బారాత్‌లో వీడియో ఒక్కటే ఉండదు, పక్కనే ఫొటోగ్రాఫర్ ఉంటాడు. అతను ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ మీ వీడియోలో ఒక్క క్షణం తెల్లగా మెరుస్తుంది చూడండి. అందరూ ఆ మెరుపును చెత్త అనుకుని దాటేస్తారు. మీరు ఆ మెరుపుల్నే వెతకండి. లైటు బాయ్ పట్టుకున్న హాలోజన్ లైటు పెళ్లికొడుకు మీద ఉంటుంది, ఇళ్ల మీద అంచు మాత్రమే పడుతుంది. దానికి తోడు కెమెరా నడకతో ఊగుతుంది కాబట్టి ఇళ్లన్నీ అలికినట్టు ఉంటాయి. ఫ్లాష్ మాత్రం సెకనులో వెయ్యో వంతు వెలిగి ఆరిపోతుంది. అంత తక్కువ సేపట్లో ఊగడానికి కెమెరాకు టైమే లేదు. వెనక గోడ దాకా వెలుగు వెళ్లి, ఆ ఒక్క ఫీల్డ్‌లో ఇల్లు గీసినట్టు నిలబడుతుంది. పెళ్లికొడుకు తెల్లగా పేలిపోతాడు, పోనివ్వండి. మీకు కావలసింది వెనకాల ఉన్న దర్వాజ.

ఆ ఫీల్డ్‌ను పట్టుకోవడం ఇట్లా. వీఎల్‌సీలో వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ (దువ్వెన గీతలు తీసేది) అని ఉంటుంది, దాన్ని పూర్తిగా ఆఫ్ చేయండి. ఆటోమేటిక్‌లో ఉంటే అదే తెలివి చూపించి మెరుపు ఫీల్డ్‌ను పక్కదానితో కలిపేస్తుంది. ఆఫ్ చేసి ఫ్రేమ్ ఫ్రేమ్ జరిపి మెరుపు ఫ్రేమ్ దగ్గర స్నాప్‌షాట్ తీయండి. ఒక గీత తెల్లగా, ఒక గీత నల్లగా వింతగా కనిపిస్తుంది. అదే కావాలి. ఆ బొమ్మను జింప్‌లో తెరవండి, అది ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్, ఉచితమే. ఫిల్టర్స్‌లో ఎన్‌హాన్స్, అందులో డీఇంటర్‌లేస్. బేసి గీతలు ఉంచాలా సరి గీతలు ఉంచాలా అని అడుగుతుంది. ఒకసారి ఇది, ఒకసారి అది పెట్టి చూడండి. ఒకదాంట్లో చీకటి వస్తుంది, ఇంకోదాంట్లో మీ ఇల్లు వస్తుంది.

ఇది చేసేదాకా బొమ్మ సైజు ఎక్కడా మార్చవద్దు. స్నాప్‌షాట్ ఎత్తు 576 గీతలు ఉండాలి. 576 కాకుండా ఇంకేదైనా ఉంటే గీతలు కలగలిసిపోయాయని అర్థం, జింప్ వాటిని విడదీయలేదు. వెడల్పు 768 వస్తే సరిగ్గా ఉన్నట్టు. 720 వస్తే మనుషులు సన్నగా సాగినట్టు కనిపిస్తారు, గీతలు తీసేసిన తర్వాత వెడల్పు మాత్రం 768 చేయండి.

బొమ్మ అడుగున చిరిగినట్టు ఒక పట్టీ కూడా కనబడుతుంది. అది వీసీఆర్‌లో టేపును చదివే హెడ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి మారే చోటు. ప్రతి వీహెచ్‌ఎస్ టేపులో ఉంటుంది. టీవీలో అంచు కింద దాక్కునేది. ఆ పట్టీ మేరకు కత్తిరించేయండి.

బాపమ్మ గారి ఫొటోకు దారి వేరు. ఆమె కదలకుండా కూర్చుంది, కెమెరా కూడా ఆగింది అన్నారు. అక్కడ ఫీల్డుల గొడవ లేదు, ఉన్నది నాయిస్, అంటే బొమ్మ నిండా చుక్కల గోల. వీహెచ్‌ఎస్‌లో రంగులు చీమలు పాకినట్టు కదులుతుంటాయి. ఆ చీమలు ప్రతి ఫ్రేమ్‌లోనూ వేరే చోట ఉంటాయి, బాపమ్మ మాత్రం అక్కడే ఉంటుంది. వరుసగా నాలుగు ఫ్రేములు తీసి జింప్‌లో ఒకదాని మీద ఒకటి పొరలుగా వేయండి. అడుగు పొర ఒపాసిటీ (పొర ఎంత దట్టంగా కనబడాలన్న అంకె) 100, దాని మీదిది 50, ఆ పైది 33, అన్నిటికన్నా పైది 25. నాలుగింటికీ సమానంగా వాటా వస్తుంది. నాయిస్ సగానికి సగం తగ్గుతుంది. ముఖం కదలని నాలుగు ఫ్రేములు ఏరుకోవడంలోనే పనంతా ఉంది. చేతులు పసుపు కొమ్ముల మీద కదులుతుంటాయి కాబట్టి చేతులు కొంచెం అలికినట్టు వస్తాయి. నా మాట వింటే అట్లాగే ఉంచండి, పని చేస్తున్న చేతులు అట్లాగే ఉంటాయి.

ఇంక కత్తిరించడం. మీరు వాడిన సాఫ్ట్‌వేర్ ముక్క కోయడానికి మొత్తం బొమ్మను మళ్లీ కొత్తగా రాసింది, అందుకే మసక. కోయాలంటే మళ్లీ రాయనక్కర్లేదు. డీవీడీని ముందు మేక్ ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఎంకేవీ ఫైల్‌గా మార్చండి. డిస్కులో ఫైళ్లు ఒక్కో జీబీ దగ్గర తెగి ఉంటాయి. మీ వాడకట్టు రెండో ఫైల్ చివర మొదలై మూడో ఫైల్‌లో అయిపోతే నడుమ అతుకు కష్టం. ఒకే ఫైల్ అయ్యాక అవిడెమక్స్ అనే వీడియో కోసే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ఎడమ పక్కన వీడియో దగ్గరా ఆడియో దగ్గరా రెండు చోట్లా కాపీ అనే ఉంచండి. మొదలు దగ్గర ఇంగ్లిష్ "ఏ" గుర్తు, చివర దగ్గర "బి" గుర్తు పెట్టి సేవ్ కొట్టండి. 6 నిమిషాల ముక్క కొన్ని సెకన్లలో వచ్చేస్తుంది, బొమ్మలో వెంట్రుకంత తేడా ఉండదు.

ఒక్క నియమం మాత్రం ఉంది. డీవీడీ వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. దాదాపు అర సెకనుకు ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, మిగతావన్నీ దాని మీద ఏం మారిందో చెప్పే చీటీలు. కాపీ పద్ధతిలో కోసినప్పుడు మొదలు ఆ పూర్తి బొమ్మ మీదే పడాలి. అవిడెమక్స్‌లో పై బాణం, కింది బాణం కొడితే పూర్తి బొమ్మ నుంచి పూర్తి బొమ్మకు దూకుతుంది. ఆ "ఏ" గుర్తు అక్కడే పెట్టండి. కావలసిన చోటుకు ఒక సెకను ముందే మొదలుపెడితే ఏ టెన్షన్ ఉండదు.

చివరిగా ఒక మాట. 2009లో రాసిన డిస్కులు అద్దిన రంగు మీద రాసినవి, అచ్చు వేసినవి కావు. రోజులు గడిచిన కొద్దీ చదవడం మానేస్తాయి. లాప్‌టాప్‌లోకి ఎక్కించిన ఫైళ్లను ఈ రోజే ఇంకో హార్డ్‌డిస్కులో కూడా వేయండి. ఫొటోలు రేపు తీసుకోవచ్చు.


గోదారి గట్టు:

మిక్సింగ్ అన్న గారు చెప్పాక చెప్పడానికి పెద్దగా ఏమీ లేదండి. రెండే మాటలు.

మీ దగ్గర డీవీడీ ఉంది కాబట్టి సరిపోయింది. మా ఇంట్లో మా తాతగారి షష్టిపూర్తి వీసీడీలో ఉంది. అందులో బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, అంతే. దాన్ని పొరలు పొరలుగా వేసినా తపాలా బిళ్లంతే వచ్చింది. ఇది చదివేవాళ్ల ఇంట్లో వీసీడీతో పాటు అసలు క్యాసెట్ కూడా ఉంటే దయచేసి క్యాసెట్ పారేయకండి.

కాలనీ వాళ్లకు పంపేటప్పుడు మీరు కోసిన ఫైల్ చాలా ఫోన్లలో ఆడదు. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా మార్చి పంపండి. అందులో ఫిల్టర్స్ దగ్గర డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి, లేకపోతే ఫోన్లో గీతలు కనబడతాయి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది మళ్లీ నలిపేస్తుంది, డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి.

ముఖం కోసం ఇప్పుడు ఏఐ యాప్‌లు వచ్చాయి కదా, మసక ఫొటో ఇస్తే స్పష్టంగా చేసి ఇస్తున్నాయి. ఒకసారి ప్రయత్నించి చూడరాదూ?


మానేరు బిడ్డ:

అందరికీ దండాలు. వారం రోజులు రోజూ రాత్రి ఇదే పని మీద కూర్చున్నాను.

ముందు ఏఐ సంగతి చెబుతాను, ఎందుకంటే అది నన్ను చాలా బాధపెట్టింది. బాపమ్మ బొమ్మ ఒక యాప్‌లో వేశాను. వచ్చిన ఫొటో చాలా స్పష్టంగా ఉంది, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. కానీ అందులో ఉన్నది మా బాపమ్మ కాదు. ఆమె గదవ మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉండేది. యాప్ దాన్ని మరక అనుకుందేమో, తుడిచేసింది. ముక్కుపుల్ల లేదు. చెంపలు నిండుగా వచ్చాయి. మా బాపమ్మకు పైపళ్లు లేవు, చెంపలు లోపలికి ఉండేవి. బాపుకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి "ఈమె ఎవలు బిడ్డా" అని అడిగాడు. ఆ ఫైల్ తీసేశాను. గోదారి గట్టు గారూ, మీరు మంచికే చెప్పారు, మీ తప్పేమీ లేదు. కానీ ఇది చదివేవాళ్లకు చెప్పాలి కదా.

తర్వాత నాలుగు పొరల పద్ధతి చేశాను. మొదట ఏరిన నాలుగు ఫ్రేముల్లో ఆమె తల కొద్దిగా వంచింది, ముఖం రెండు ముఖాలైంది. మళ్లీ మొదటి నుంచి 60 ఫ్రేములు ఒక్కొక్కటే చూశాను. పదకొండో ఫ్రేమ్ నుంచి పద్నాలుగో ఫ్రేమ్ దాకా తల ఎక్కడా కదలలేదు. ఆ నాలుగు వేస్తే పచ్చబొట్టు కనిపించింది. మూడు చుక్కలు విడివిడిగా కాదు, ఒక చిన్న నీలం మచ్చలాగా. అయినా అది అక్కడ ఉంది. చేతులు అన్న చెప్పినట్టే అలికినట్టు వచ్చాయి, అట్లాగే ఉంచాను.

ఫొటో షాపులో పెద్దది లామినేషన్ చేయిద్దామని బాపు అన్నాడు. లెక్క వేశాను. 576 గీతలను 3 అంగుళాల ఎత్తులో ప్రింటు తీస్తే అంగుళానికి 192 వస్తాయి, 12 అంగుళాలకు తీస్తే 48 మాత్రమే. 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు చేయించి, వెడల్పాటి తెల్ల అంచు వేసి ఫ్రేమ్ కట్టించాను. చిన్నగా ఉంది కానీ దగ్గరికి వెళ్లి చూస్తే ఆమే.

ఇక ఇళ్లు. ఫ్లాష్ మెరుపులు వెతకమన్న మాట ఎంత పెద్ద మాటో చేసి చూస్తేనే తెలిసింది. ఆ 6 నిమిషాల్లో 31 మెరుపులు ఉన్నాయి. మొదటిది జింప్‌లో వేసి సరి గీతలు ఎంచగానే మా చిన్నాయన ఇంటి దర్వాజ వచ్చింది. దర్వాజకు కట్టిన మామిడాకులు, పక్క గూట్లో దీపం, గోడకు ఆనించిన గొర్రు. గొర్రు ఉందని వీడియో నడిచేటప్పుడు ఎన్నిసార్లు చూసినా నాకు తెలియలేదు. బాపును పిలిచి చూపించాను. ఆ గొర్రు ఎవరు చేసిందో, ఏ కర్రతో చేసిందో ఒక పావుగంట చెప్పాడు. అదంతా ఆ పేజీలో రాయించాను.

ఇప్పటికి 22 ఇళ్లలో 14 దొరికాయి. మిగతా 8 ఒక్క మెరుపులోనూ రాలేదు. అన్నీ ఒకే పక్కవి, బొడ్రాయి నుంచి గుడికి పోతుంటే ఎడమ చేతి వైపువి. ఆ వైపు నిండా చీకటి. ఎందుకట్లా?

ఇంకో ప్రశ్న అన్నా. వీడియో మొత్తం సినిమా పాటలే వినిపిస్తున్నాయి. అసలు డప్పుల చప్పుడు, మనుషుల మాటలు ఎక్కడైనా ఉన్నాయా? తిరిగి తెచ్చుకునే వీలుందా?


మిక్సింగ్ అన్న:

చెల్లె, పచ్చబొట్టు వచ్చిందని చదివి మనసు నిండింది.

ఎడమ వైపు చీకటి ఎందుకంటే, లైటు బాయ్ ఒక్కడే ఉంటాడు, వాడి లైటుకు జనరేటర్ నుంచి వైరు ఉంటుంది. వైరు జనం కాళ్ల కింద పడకుండా ఒకే పక్క గోడ వారగా నడుస్తాడు. లైటు ఎదుటి గోడ మీద పడుతుంది, వాడి వెనక గోడ మీద పడదు. ఫొటోగ్రాఫర్ కూడా లైటు పక్కనే నిలబడతాడు, ఎందుకంటే వాడికి ఫోకస్ చూసుకోవడానికి ఆ వెలుగే ఆధారం. అంటే మీ లైటు బాయ్ ఎడమ గోడ పట్టుకుని నడిచాడు. ఆ ఎనిమిది ఇళ్లు బారాత్‌లో దొరకవు, అక్కడ వెతకడం ఆపేయండి.

పగటి భాగం చూడండి. మన దగ్గర ఎదుర్కోలు ఊరి బయటనో గుడి దగ్గరనో చేస్తారు. పెళ్లికొడుకు వాళ్లను తీసుకుని అదే తొవ్వలో వచ్చి ఉంటారు. పగలు మేము లైటు వాడేవాళ్లం కాదు, రెండు పక్కలా వస్తుంది. అక్కడ కెమెరామన్ ఎక్కడైనా నిలబడి ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పి ఉంటే ఇంకా మంచిది. తిప్పిన ఆ ముక్కలోంచి పది పది ఫ్రేములకు ఒక బొమ్మ తీయండి. ఒక్కో బొమ్మలో మూడో వంతైనా పక్క బొమ్మలో ఉన్నదే ఉండాలి. హ్యూజిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాటిని వేస్తే అతికి ఒకే పొడుగాటి బొమ్మ చేస్తుంది. మధ్యలో నడిచే మనుషులు సగం సగం వస్తారు, ఇళ్లు మాత్రం కదలవు కదా.

చప్పుడు గురించి నిజం చెప్పాలి. మిక్సింగ్‌లో మేము పాట వేసినప్పుడు అసలు శబ్దాన్ని పూర్తిగా తగ్గించేసేవాళ్లం. దాని మీద పాట రాశాక అది పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. ఇప్పుడు ఆలోచిస్తే మేము చేసిన పెద్ద తప్పు అదే. ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది గొంతులు చెరిపేశామో. కానీ ఒక చోట మిగిలి ఉండొచ్చు. ఒక పాట అయిపోయి ఇంకో పాట ఎక్కేలోపు క్యాసెట్ మార్చుకోవాలి. ఆ సందులో అసలు శబ్దాన్ని మళ్లీ పెంచి వదిలేవాళ్లం, వీడియో మూగగా ఉండకూడదని. ఐదు సెకన్లు, పది సెకన్లు. పాటకూ పాటకూ మధ్య ఉన్న ప్రతి సందూ వినండి.


నల్ల తెర:

ఆ సందులు వినడానికి 40 నిమిషాలూ కూర్చోనక్కర్లేదు. ఫైల్‌ను శబ్దం దిద్దే అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ఎంకేవీ నేరుగా తెరుచుకోకపోతే అవిడెమక్స్ ఎడమ పక్కన ఆడియో దగ్గర కాపీకి బదులు ఎంపీ3 పెట్టి, ఆడియో మెనూలోంచి శబ్దం ఒక్కటే సేవ్ చేసుకుని అది వేయండి. శబ్దం అలల బొమ్మగా కనిపిస్తుంది. పాట ఉన్నచోట అల లావుగా ఉంటుంది, సందు దగ్గర సన్నబడుతుంది. ఆ సన్నని చోట్ల టైము రాసుకుని అక్కడికే వెళ్లి వినండి.


మానేరు బిడ్డ:

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాను.

ఎదుర్కోలు పోచమ్మ గుడి దగ్గర చేశారు. తిరిగి వచ్చేటప్పుడు కెమెరామన్ మా గిర్ని ముందు అరుగు ఎక్కి నిలబడి ఒకసారి మెల్లగా తిప్పాడు. 11 సెకన్లు. అందులోంచి 25 బొమ్మలు తీసి హ్యూజిన్‌లో అతికించాను. మొదటిసారి వంకరగా వచ్చింది, మనుషుల మీద పడ్డ గుర్తులు తీసేసి గోడల మీద గుర్తులు మాత్రం ఉంచితే రెండోసారి సరిగ్గా కూర్చుంది. ఎడమ వైపు ఆరు ఇళ్లు వరుసగా ఒకే బొమ్మలో వచ్చాయి. బాపు దాన్ని పేజీల్లో ముక్కలు చేయొద్దన్నాడు. నోట్‌బుక్ నడుమ మడత పేజీగా అంటించాం. ఇంకా రెండు ఇళ్లు మిగిలాయి. ఆ రెండు పేజీల్లో బాపు పెన్సిల్‌తో తానే గీశాడు.

అలల బొమ్మలో సన్నని చోట్లు ఏడు కనిపించాయి. ఐదింటిలో డప్పులు, పిల్లల అరుపులు. ఒకదాంట్లో ఏమీ లేదు. చివరిది తొమ్మిది సెకన్లు. డప్పులు ఒక్కసారి ఆగుతాయి. ఎవరో ఆడమనిషి గట్టిగా "కారు అటు తిప్పకుండ్రి, అరుగుకు తాకుతది" అంటుంది. కెమెరా వేరే వైపు ఉంది, ఆమె కనబడదు. బాపు, పెదనాన్న, మా అక్క ముగ్గురికీ వేరువేరుగా వినిపించాను. ముగ్గురూ చెప్పిన పేరు ఒకటే. ఆమె మా ఎదురింటి ముసలమ్మ, ఊరు ఖాళీ చేసిన ఏడాదే పోయింది. ఆమె మనవడు ఇప్పుడు కాలనీ చివర ప్లాట్‌లో ఉంటున్నాడు.

ఆ తొమ్మిది సెకన్లూ అవిడెమక్స్‌లో కోశాను. ఒక సెకను ముందు నుంచే మొదలుపెట్టాను. హ్యాండ్‌బ్రేక్‌లో మార్చి, డాక్యుమెంట్‌గా నిన్న సాయంత్రం ఆ అబ్బాయికి పంపాను. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, ఆ అరుగు కనబడే ఫొటో ఏదైనా ఉందా అక్కా అని అడిగాడు. ఉంది. పందొమ్మిదో మెరుపులో ఉంది. రేపు ప్రింటు తీయించి ఇస్తాను.